హెచ్చరించుటయుఁ దెలుపుటయు

గోదావరి పొంగు దినములలో గౌతమి యెడమగట్టునఁ గల కపిలేశ్వరపురమున రెండు విధములగు వాక్యములు వినఁబడుచుండును. “భద్రాచలమున నీరు 48 అడుగులకు వచ్చినదని తెలిపినారు” అనునది యొకటి. “లంకలోనివారిని హెచ్చరించినారు” అనునది రెండవది. మొదటి వాక్యమున నొక సంగతి యొకచోటినుండి వేఱొకచోటికి వచ్చినది. రెండవ వాక్యమునఁ గొందఱు మనుష్యులు తామున్న స్థితినుండి కదలింపఁబడినారు. ఈ భేదము చూచుటకుఁ జిన్నది. కాని యాంగ్లమునుండి తెలుఁగు చేయఁబడుచున్న ప్రకటనలలో నిది నానాఁటికి మాసిపోవుచున్నది. ముందుగా నెఱుక కలిగించుట యను నర్థమున నాంగ్లమునఁ గల క్రియలెట్టివి, వానికి బదులుగాఁ దెలుఁగున నిలిచిన పదములెట్టివి, యీ మార్పిడిలోఁ బోయినదేమి యను విషయము విచారింపఁదగియున్నది. ఇది నిఘంటువునకు మాత్రమే సంబంధించిన విచారము గాదు. ఏటియొడ్డునఁ బండుకొన్నవాఁడు వేళకు మేలుకొనునా లేదా యను ప్రశ్న యిందు ముడివడియున్నది.

ఆంగ్లమున నీ యర్థము నిచ్చు క్రియలు పదింటికిఁ దక్కువ లేవు. ఇన్‌ఫార్మ్, నోటిఫై, అనౌన్స్, అప్రైజ్, అడ్వైజ్, వార్న్, ఫోర్‌వార్న్, కాషన్, అలర్ట్, అడ్మానిష్ అనునవి ముఖ్యములు. మూలార్థమును బట్టి చూచినచో నివి రెండు తెగలుగా విడిపోవును. నోటిఫై యనునది ‘ఎఱుఁగఁబడినదానిగాఁ జేయుట’ యను లాటిన్ సమాసమునుండి పుట్టినది. అనౌన్స్ అనుదానియందు దూత యను నర్థముగల లాటిన్ శబ్దము గలదు. అప్రైజ్ అనునది నేర్చుకొనుట యను నర్థముగల ఫ్రెంచి క్రియ కుటుంబమునకుఁ జెందినది. ఇన్‌ఫార్మ్ అనుదానికి రూపమిచ్చుట మొదటి యర్థము. మనస్సునకు రూపమిచ్చుట, బోధించుట యను నర్థములు దానినుండి కలిగి, తుదకు సంగతి తెలుపుట యను నర్థమున నది స్థిరపడినది. ఈ తెగయందు సంగతి ప్రధానము. సంగతి చేరినచోఁ గ్రియ ముగిసినట్లే.

రెండవ తెగ వేఱు. వార్న్ అనుక్రియ ప్రాచీనాంగ్లమునుండి వచ్చినది. దాని ధాతువునకుఁ గాచుకొనియుండుట, జాగరూకుఁడై యుండుట యని యర్థము. అవేర్, వేరీ యను విశేషణములు దాని దాయాదులే. కాషన్ అనునది తన్నుఁ దాను గాచుకొనుట యను నర్థముగల లాటిన్ ధాతువునుండి వచ్చినది. అలర్ట్ అనునది యిటలీదేశపు సైనికుల కేక. ‘ఎత్తైన కావలిచోటికి’ అని దాని మొదటి యర్థము. అది మొదట స్థితివాచకముగా వ్యవహరింపఁబడి, పిదపఁ గ్రియయైనది. అలారమ్ అనునదియు నట్టిదే. ‘ఆయుధములకు’ అని పిలుచు కేకయే యా మాట. అడ్మానిష్ అనుదానియందు జ్ఞాపకము చేయుట యను లాటిన్ ధాతువు గలదు. ఈ తెగయందు సంగతికంటె మనిషి ప్రధానము. వాఁడు లేచెనా, కాచుకొనెనా, కావలిచోటి కెక్కెనా యనునదియే క్రియాఫలము.

ఇట్లు పుట్టుకయందు భేదమున్నను, ప్రయోగమునందు నేఁటి యాంగ్లము రెండు తెగలను నొకే చట్రమున బిగించినది. ఇన్‌ఫార్మ్ అనుదానికిని వార్న్ అనుదానికిని మనిషియే కర్మ. సంగతి యుపసర్గసదృశమగు చిన్నపదముతో వెనుక వచ్చును. ఆంగ్లము చదువు బాలునకు ‘వానిని వరదనుగూర్చి ఇన్‌ఫార్మ్ చేసిరి’, ‘వానిని వరదనుగూర్చి వార్న్ చేసిరి’ అను రెండును నొకే యచ్చున నుండును. భేదము క్రియయొక్క యర్థమున మాత్రమే యున్నది. వాక్యపుఁ గట్టడమున లేదు.

సంస్కృతమును నిట్టిదే. బుద్ధ్యర్థకధాతువులు ప్రేరణమున వచ్చునపుడు, మొదటి యవస్థయందలి కర్త రెండవ యవస్థయందుఁ గర్మ యగునని పాణినీయమున గతిబుద్ధిసూత్రము విధించుచున్నది. బ్రూ, శాస్ ధాతువులు ద్వికర్మకములలోఁ బఠింపఁబడినవి. కాఁబట్టి సంస్కృతమున శిష్యుఁడును గర్మయే, వానికి బోధింపఁబడు ధర్మమును గర్మయే.

తెలుఁగు మార్గము వేఱు. తెలుపు, చెప్పు, ఎఱిఁగించు, బోధించు, విన్నవించు అను క్రియలయందు సంగతి కర్మ. వినువానికి షష్ఠి వచ్చును. ‘రైతులకు సంగతిని దెలిపిరి’, ‘శిష్యునకు ధర్మమును బోధించెను’ అని ప్రయోగము. ఒకనికి వస్తువు నిచ్చినపు డెట్లు షష్ఠి వచ్చునో, యెఱుక నిచ్చినపుడు నట్లే వచ్చుచున్నది. అనఁగాఁ దెలుఁగువాని దృష్టిలోఁ దెలుపుట యొక విధమగు దానము. దానికి భిన్నముగా హెచ్చరించు, లేపు, మేలుకొలుపు, పిలుచు, మందలించు అను క్రియలయందు మనిషి కర్మ. వానికి ద్వితీయ వచ్చును. ‘రైతులను హెచ్చరించిరి’ అనుటయే సాధువు గాని, ‘రైతులకు హెచ్చరించిరి’ అనుట చెవి కింపు గాదు. హెచ్చరించు నది లేపు, పిలుచు మొదలగువాని పంక్తినిఁ గూర్చున్నది; తెలుపు, చెప్పు అనువాని పంక్తిని గాదు. ఆంగ్లము పోఁగొట్టుకొన్న భేదమును దెలుఁగు విభక్తి యింకను గాపాడుచున్నది.

ఈ సందర్భమున నింకొక సూక్ష్మము గమనింపఁదగును. తెలియు, ఎఱుఁగు అను రెండు ధాతువులు పర్యాయములని బాలురకుఁ జెప్పుదురు. కాని ‘నాకు సంగతి తెలిసినది’ అనుచోట సంగతి కర్త. ‘నేను సంగతి నెఱుఁగుదును’ అనుచోట మనిషి కర్త. తెలియుటయం దెఱుక వచ్చి తగులును. ఎఱుఁగుటయందు మనిషి దానిని బట్టుకొనును. ఒక సంగతి తెలిసినను దాని నెఱుఁగనివాఁ డుండవచ్చును. వరద వచ్చుచున్నదని తెలిసియుఁ గదలనివారి విషయమున నీ రెండు ధాతువుల యంతరము ప్రత్యక్షమగును.

ఇఁక హెచ్చరించు ననుదాని పుట్టుక చూడవలెను. దీనికి ఎచ్చరించు, ఎచ్చరిక యను రూపములును గలవు. కన్నడమున ఎచ్చర యనఁగా మెలకువ. నిద్రనుండి లేచినవాఁడు ఎచ్చరమందున్నవాఁడు. తమిళమునను ఎచ్చరిక్కై యను రూపము గలదు. కాఁబట్టి హెచ్చరించుట యనఁగా మెలకువ కలిగించుట. తెలుఁగువాఁడు ప్రతిదినము వాడు జాగ్రత్త యను మాటయు సంస్కృతమందలి జాగ్రచ్ఛబ్దమునుండి వచ్చినదే. దానికిని మేలుకొనియుండుటయే యర్థము. అచ్చతెలుఁగు మెలకువ యను పదమున నిద్రలేమియుఁ, బనియందలి శ్రద్ధయు రెండు నర్థములును గలసియున్నవి. ఆంగ్లమున వాచ్ అనుపదము మేలుకొనుట యను ధాతువునుండియే పుట్టినది. కన్నడమును, సంస్కృతమును, తెలుఁగును, ఆంగ్లమును నొకరినొకరు సంప్రదింపకయే యీ విషయమున నేకీభవించుట యాశ్చర్యకరము. రానున్న కీడును నివారించుటకు మొదటి మెట్టు కనులు తెఱచుటయే యని నాలుగు భాషలును జెప్పుచున్నవి.

ప్రమాదశబ్దమును నీ కోవలోనిదే. సంస్కృతమున దీనికి ముఖ్యార్థము ఏమఱుపాటు. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో గురువు శిష్యున కుపదేశించునపుడు వాడఁబడిన ధాతు వీయర్థముననే యున్నది. పాళీభాషయందలి ధమ్మపదమున రెండవ వర్గమునకు అప్పమాదవగ్గ మని పేరు. ఏమఱకుండుటయే దాని విషయము. తెలుఁగునఁ గాలక్రమమున నేమఱుపాటువలనఁ గలుగు కీడునకుఁ బ్రమాదమని పేరు వచ్చి, మూలార్థము మఱుఁగుపడినది. అయినను, అప్రమత్తుఁడు అను మాటయందుఁ బ్రాఁతయర్థ మట్లే నిలిచియున్నది. ప్రమాదహెచ్చరిక యను సమాసమును మూలార్థములతోఁ జదివినచో, నేమఱినవానిని మేలుకొలుపుట యని తేలును. ఇంతకంటెఁ దగిన సమాసము దొరకుట కష్టము. దీనిని గూర్చినవారు తెలిసి కూర్చిరో తెలియక కూర్చిరో కాని, కూర్పు మాత్రము నిర్దుష్టము.

ఆస్థానములయందును, ఆలయోత్సవములయందును హెచ్చరిక యనునది యొక మర్యాద. ప్రభువో దేవుఁడో నడచివచ్చునపుడు పరిచారకులు ప్రక్కన నడచుచు, అడుగు జాగ్రత్తగా వేయుఁడని వినయముతోఁ బలుకుదురు. యక్షగానములలో నీ సంప్రదాయము గలదు. త్యాగరాజస్వామి యుత్సవసంప్రదాయకీర్తనలలో యదుకులకాంభోజిరాగమున నొక హెచ్చరిక ప్రసిద్ధము. ఇందు గమనింపవలసినవి మూఁడు. హెచ్చరించువాఁడు హెచ్చరింపఁబడువాని ప్రక్కననే యున్నాఁడు. ఆ పలుకు వాని ప్రతి యడుగునకును దగినట్లున్నది. అందు బెదరింపు లేదు, సేవ గలదు. కపిలేశ్వరపురమున సర్వారాయవిద్యాసంస్థ హరికథను నేర్పు పాఠశాలను నెలకొల్పినది. పెద్దసభలో వెనుకవరుసయం దున్నవానికిని మాట యందునట్లు పలుకుట హరికథకుల విద్య. ఏటియొడ్డునఁ బలుకవలసిన హెచ్చరికయు నిట్టి విద్యయే యనుట యతిశయోక్తి కాదు.

ఇట్టి క్రియకుఁ బ్రకటనలలోఁ బట్టిన గతి యేమి? ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ 1847లో నారంభించి 1852 నాటికి ముగించిన యానకట్టకు బదులుగా నేఁ డొక బ్యారేజీ యున్నది. అచ్చట నీటిమట్టము 11.75 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులయొద్ద రెండవది, 17.75 అడుగులయొద్ద మూఁడవది వెలువడును. మొదటిదాని నాఁటికి సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రమునకుఁ బోవుచుండును. ఎగువనున్న భద్రాచలమున 43, 48, 53 అడుగులు క్రమముగా నీ మూఁడింటికిని హద్దులు. ఈ యంకెలు గోదావరి ప్రాంతమునఁ బసివారికిని నోటికి వచ్చును. అచ్చటి నీరు ధవళేశ్వరము చేరుటకుఁ గొంత వ్యవధి పట్టును గాన, భద్రాచలపు లెక్కయే దిగువవారికి ముందెఱుక.

ఈ యేర్పాటు చక్కనిది. దోషము దానిని జెప్పు భాషయందుఁ గలదు. “రెండవ ప్రమాదహెచ్చరిక కొనసాగుచున్నది” అని యొకనాఁడు, “మొదటి ప్రమాదహెచ్చరికను ఉపసంహరించిరి” అని యింకొకనాఁడు వ్రాయుచున్నారు. మేలుకొలుపుట యెట్లు కొనసాగును? లేచినవానిని మరల లేపుట యుండదు. మేలుకొలుపుట నెట్లుపసంహరింతురు? ఇచ్చిన మెలకువను దిరిగి పుచ్చుకొనుట సాధ్యము గాదు. ఈ వాక్యములయందు హెచ్చరిక యనునది క్రియయుఁ గాదు, క్రియాఫలమును గాదు. అది నీటిమట్టమునకుఁ బెట్టిన పేరు. నీరు 13.75 అడుగులపైన నున్నదనుటకు మాఱుగా రెండవ హెచ్చరిక యున్నదని చెప్పుచున్నారు. ఏటిని వర్ణించు మాటయైనది గాని మనుష్యులను గదలించు మాట గాలేదు.

మట్టమునకుఁ బేరైనందునఁ గలుగు చిక్కు 1986 ఆగష్టునఁ దేటపడినది. అప్పుడు భద్రాచలమున నీరు 75.6 అడుగులకు వచ్చినది. మూఁడవ హెచ్చరిక హద్దు 53 అడుగులు. ఆ హద్దు దాఁటిన పిమ్మట నింకను 22 అడుగులకుఁ బైగా నీరెక్కినను నాలుగవ పేరు లేదు. 53 అడుగులనాఁడును మూఁడవ హెచ్చరికయే, 75 అడుగులనాఁడును మూఁడవ హెచ్చరికయే. గట్లు తెగి కోనసీమగ్రామములు మునిఁగిన యా వరదకును, ఏటేట వచ్చిపోవు వరదకును బ్రకటనలో నొకటే నామము. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినపుడును నట్లే జరిగినది. అడుగుల లెక్కను విడిగాఁ జెప్పుచుండుటచేత జనులు భేదము గ్రహించిరి గాని, హెచ్చరిక యను మాట యా భేదమును జెప్పలేకపోయినది.

‘హెచ్చరిక జారీ చేయఁబడినది’ అను వాక్యము మఱియొక విశేషము గలది. జారీ యను పదము అరబ్బీభాషనుండి పారసీకము ద్వారమున వచ్చినది. ప్రవహించుచున్నది యని దాని మొదటి యర్థము. కచ్చేరీలలో నుత్తరువు జారీయైనదనుట సరియే, ఉత్తరువు పైనుండి క్రిందికిఁ బాఱును. హెచ్చరికను జారీ చేయుట యాంగ్లమునందలి యలవాటును దెలుఁగునకుఁ దెచ్చుట. ఈ వాక్యమునఁ గర్త లేఁడు. ఎవరిని హెచ్చరించిరో యా కర్మయు లేదు. ‘హెచ్చరించిరి’ అనినచో ‘ఎవరిని?’ అని వెంటనే ప్రశ్న పుట్టును; ఆ యాకాంక్ష క్రియయందే యున్నది. ‘హెచ్చరిక జారీయైనది’ అనినచో నా ప్రశ్న పుట్టనక్కఱలేదు. కాగితము కదలినది, వాక్యము ముగిసినది. ఏటినడుమఁ గేదారిలంకయందున్న వృద్ధుని దాఁక నా ప్రవాహము చేరినదో లేదో వాక్యము చెప్పదు.

ఆంగ్లమందలి తారతమ్యములు తెలుఁగున నొకేపదమునఁ గలసిపోవుట రెండవ దోషము. ఓడరేవులయందు తుపానుగుర్తులు 1 మొదలు 11 వఱకుఁ గలవు. పగటివేళ నల్లని శంకువులును గొట్టములును, రాత్రివేళ దీపములును స్తంభమున కెత్తుదురు. వీనిలో మొదటి రెండును దూరపు తుపానునకు సంబంధించినవి. మూఁడు, నాలుగు ఆ రేవునకే చెందినవి. ఈ నాలుగింటియందు నాంగ్లము కాషన్, వార్న్ అను రెండు ధాతువులను విడఁదీసి వాడినది. మొదటిది కాచుకొమ్మనుట, రెండవది యాపద కనులయెదుట నున్నదని మేలుకొలుపుట. అయిదు మొదలు ఏడు వఱకు అపాయమును, ఎనిమిది మొదలు పది వఱకు మహాపాయమును దెలుపును. కాకినాడరేవున వీనిలో దేని నెత్తినను దెలుఁగుపత్రికలలో సాధారణముగా ‘ప్రమాదహెచ్చరిక’ యనియే వ్రాయుదురు. అంకె మాఱును గాని మాట మాఱదు. అంకెల యర్థము నెఱుఁగనివానికి మూఁడునకును దొమ్మిదికిని గల యంతర మెట్లు తెలియును?

పదునొకండవ గుర్తు వీనియన్నిటికంటె విచారింపఁదగినది. హెచ్చరికలు పంపు కార్యాలయముతో సంబంధము తెగిపోయినదని దాని యర్థము. తక్కిన పదియు నొక సంగతిని దెలుపును; ఇది సంగతి తెలియరాదని తెలుపును. ఎఱుక రాకపోవుటయే యిచ్చట నెఱుక. చూచువాఁడు తన మెలకువనే నమ్ముకొనవలెను. హెచ్చరించుటకును దెలుపుటకును గల భేద మీ గుర్తునందు స్పష్టముగా నున్నది. తెలుపుటకు సంగతి లేనిచోటను హెచ్చరించుట సాధ్యము.

తుపానులవిషయమున భారతవాతావరణశాఖ 1999 మొదలుకొని నాలుగు మెట్ల పద్ధతిని బాటించుచున్నది. తుపానునకు ముందు వాచ్ అనునది 72 గంటల మునుపు, అలర్ట్ అనునది 48 గంటల మునుపు, వార్నింగ్ అనునది 24 గంటల మునుపు, తీరము దాఁటిన పిదప నెట్లుండునో చెప్పునది 12 గంటల మునుపు వెలువడును. సామాన్యాంగ్లమున వాచ్, అలర్ట్, వార్న్ అనువానికి హెచ్చుతగ్గులు నియతములు గావు. శాఖ వానికి గంటల లెక్కతో నొక క్రమమును గల్పించినది. ఇట్లు పారిభాషికము లైన పదములను దెలుఁగు చేయునపుడు క్రమమును గూడఁ దేవలెను. కనిపెట్టియుండుట, అప్రమత్తత, హెచ్చరిక యని మూఁడు పదములు తెలుఁగున సిద్ధముగాఁ గలవు. వానిని వరుసగా నియమించి విడువక వాడినచో, 1996 నవంబరు 6వ నాఁటి తుపానువలనఁ గోనసీమ యెంత నష్టపడినదో చూచినవారి బిడ్డలు మాటను బట్టియే యెడమును గ్రహింపఁగలరు.

మూఁడవ దోషము బెదరింపు. ఆంగ్లమున వార్న్ అనుక్రియకుఁ గీడు రానున్నదని చెప్పుట యనియు, మాట వినకున్న శిక్షింతుననుట యనియు రెండర్థములు గలవు. పత్రికాభాషయందు హెచ్చరించు అనుదానికి రెండవ యర్థము బలిసినది. ‘కఠినచర్యలు తీసికొందుమని హెచ్చరించిరి’ అను వాక్యము నిత్యము కనఁబడును. ఇట్టివి చదివిచదివి, ‘లంకవాసులను హెచ్చరించిరి’ అనినను నందు గద్దింపు ధ్వనించుచున్నది. కాఁబట్టియే కాఁబోలు, నేఁటి లేఖకులు ‘లంకవాసులను అప్రమత్తము చేసిరి’ అని వ్రాయుచున్నారు. ఈ మాట నిందింపఁదగినది గాదు. దీనియందు మనిషి మరలఁ గర్మయైనాఁడు. అయినను, వెనుక ప్రభువు ప్రక్కన నడచిన హెచ్చరిక బెదరింపునకుఁ దావై, తన పనిని వేఱొకమాట కప్పగించి తొలఁగుట శోచనీయము.

ముందస్తు హెచ్చరిక యను నలవాటును నిచ్చటఁ జూడవలెను. హెచ్చరిక యెప్పుడును ముందుగానే చేయవలసినది. ముందు అను విశేషణము వ్యర్థమని వైయాకరణుఁ డనవచ్చును. ఆంగ్లమున ఫోర్‌వార్న్ అనుదానియందును నీ పునరుక్తియే గలదు. కాని జనులు పునరుక్తిని నిష్కారణముగాఁ జేయరు. మట్టమునకుఁ బేరైన హెచ్చరిక, నీరు కాలిబాట నెక్కిన పిమ్మటను వచ్చుచుండుటచే, అట్టిది గాక నిజముగా ముందు వచ్చునది కావలెనని యీ విశేషణము తగిలించిరి. మాట తన యర్థమును గోలుపోయినపుడు విశేషణము దానికి గుంజవలె నిలుచును.

ఇచ్చట నొక పూర్వపక్షము పుట్టును. శబ్దములు కాలమునఁ బరిణమించుట సహజము; హెచ్చరిక యను మాట మట్టమునకుఁ బారిభాషికసంజ్ఞ యైనచో దోషమేమి? గోదావరితీరమునందలి రైతునకు ‘రెండవది’ యనినఁ జాలును. పశువుల నెప్పుడు మిట్టకుఁ దోలవలెనో, పడవ నెచ్చటఁ గట్టవలెనో వాఁ డెఱుఁగును. వానికి విభక్తివిచార మక్కఱలేదు గదా యని యాక్షేపము.

ఈ యాక్షేపమునఁ గొంత సత్యము గలదు. అనుభవముగలవానికి సంగతి తెలుపుటయే హెచ్చరించుట. భద్రాచలపు లెక్క చెవిని బడినంతనే తనయూరి రేవు మెట్లలో నెన్ని మునుఁగునో లెక్కింపఁగల వృద్ధులు తీరగ్రామములయం దుందురు. వారికిఁ దెలుపు అనుక్రియ చాలును. హెచ్చరికపేరఁ బదిమాఱులు కేకవేసిన వారికి విసుగే కలుగును. కాని హెచ్చరిక వారికొఱకు మాత్రమే గాదు. మొన్న కాఁపురమునకు వచ్చిన కోడలు, ఇటుకబట్టీయందుఁ బని చేయవచ్చిన పరదేశి, అంకెలు తెలిసియుఁ గాలు కదపలేని ముసలివాఁడు, వీరికి లెక్క తెలిపినచోఁ బని ముగియదు. తెలుపుట వినువాని యెఱుకమీఁద నాధారపడును. హెచ్చరించుట వాని యెఱుకలేమిని దలఁచుకొని బయలుదేఱును. పారిభాషికసంజ్ఞ వలదనుట యిచ్చటి సిద్ధాంతము గాదు. సంజ్ఞకు వేఱుమాట యుండవలెను, క్రియకు దానిమాట మిగులవలెను అనుటయే సిద్ధాంతము.

పూర్వము గ్రామములలో టముకు వేయుట, దండోరా వేయుట యను పద్ధతి యుండెను. చాటు అనుక్రియ తెలుపు అనుదాని జాతిలోనిదే. సంగతియే దానికిఁ గర్మ. అయినను జాటింపువాని పలుకునఁ గొన్ని యంగములు తప్పక యుండెడివి. మొదట డప్పు మ్రోఁత వినువారి దృష్టిని మరల్చును, ఇది మేలుకొలుపు. పిదప నెవరికిఁ జెప్పుచున్నాఁడో సంబోధించును. తరువాత సంగతి. తుదకుఁ జేయవలసిన పని విధిరూపమున వచ్చును. ఈ నాలుగంగములును గూడినచోఁ జాటింపు హెచ్చరికయైనది. వాఁడు వీధివీధికి నడచెడివాఁడు గాన, పలుకు తలుపుతలుపునకుఁ జేరెడిది.

నేఁడు డప్పునకు మాఱుగా మైకుబండియు, చేతనున్న ఫోనును వచ్చినవి. జాతీయవిపత్తునిర్వహణసంస్థ ఫోనులకు సందేశములు పంపుటకై యేర్పఱచిన యంగమునకు సచేత్ అని పేరిడినది. చేతనతోఁ గూడినవాఁడని దాని యర్థము. ఇదియు మెలకువపదమే. 2023లోఁ బరీక్షార్థము పంపఁబడిన సందేశములు నిద్రించు ఫోనునుండి పెద్దధ్వనితో వెలువడి జనులను దిగ్గున లేపినవి. డప్పుమ్రోఁత తిరిగి వచ్చినట్లే. మిగిలిన మూఁడంగములు, అనఁగా సంబోధనము, సంగతి, విధి, సందేశపు మాటలయందు నిలువవలెను. ధ్వనికి లేచినవానికి ‘హెచ్చరిక జారీయైనది’ యను వాక్యము కనఁబడినచో వాఁడు లేచి యేమి చేయును?

కాఁబట్టి కొన్ని నియమములు ప్రతిపాదింపవచ్చును. నీటిమట్టమునకు హెచ్చరిక యనక, మొదటి ప్రమాదమట్టము, రెండవ ప్రమాదమట్టము అని పేరిడుట మేలు. అప్పుడు ‘రెండవ ప్రమాదమట్టము కొనసాగుచున్నది’ యనుట యథార్థమగును. నీరు తగ్గినపు డుపసంహరింపవలసిన దేదియు నుండదు. హెచ్చరించు అనుక్రియను గ్రియగానే వాడి, దానికి ద్వితీయాంతమగు మనుష్యవాచకమును దప్పక చేర్పవలెను. తెలుపు అనుదానిని సంగతి చేరవేయుటకు మాత్రమే యుంచవలెను. వాచ్, అలర్ట్, వార్న్ అనువానికిఁ దెలుఁగున మూఁడు వేఱువేఱు పదములను నియమించి, యొకదానిచోట నొకటి వాడకుండవలెను. శిక్షింతుమని చెప్పుచోట బెదరించు, గద్దించు, తాకీదుచేయు అను మాటలు గలవు. వానిని వాడి హెచ్చరించు ననుదానిని విడిపింపవలెను.

ఈ విషయమునఁ బాఠశాలల పండితులు చేయఁదగిన పనియు గలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ గారకపరిచ్ఛేదమును బోధించునపుడు, రాముఁడు రావణుఁడు నను నుదాహరణములతో నాఁపక, తెలుపు, హెచ్చరించు అను రెంటిని బ్రక్కప్రక్కన నుంచి, ఒకచోట షష్ఠియు నొకచోట ద్వితీయయు నేల వచ్చినవని బాలుర నడుగవచ్చును. ‘లంకవారికి వరద సంగతిని దెలిపిరి’, ‘లంకవారిని హెచ్చరించిరి’ అను నీ రెండు వాక్యములు చాలును. మొదటిదానియందు సంగతి యొడ్డు చేరినది, రెండవదానియందు జనులు. ఈ భేదమును గ్రహించిన బాలుఁడు పెద్దవాఁడై కచ్చేరీయందుఁ బ్రకటన వ్రాయవలసివచ్చినపుడు, కలము పట్టుటకు ముందు ‘ఎవరిని?’ అని తన్నుఁ దా నడుగుకొనును.